అయిదు కుండల వాన

"బంగారయ్యా! ఒరే బంగారయ్యా! వాన ఏమందిరా?"

కప్పు మేస్త్రి కింద బాటలో నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని పిలిచాడు. పైన, కప్పులేని నాలుగు గోడల మధ్య మట్టినేల మీద కూర్చున్న బంగారయ్య లేచి, కిటికీ కంతలోంచి తల బయట పెట్టాడు.

"ఇంకా ఏమీ అనలేదు మేస్త్రీ."

"గోడలు లేచి మూడు వారాలైంది. నీ మీద అలిగిందేమో."

"నేనేం చేశానని అలుగుతుంది?"

"అది నీకే తెలియాలి," అని మేస్త్రి నవ్వాడు. ఆయన భుజం మీద పొడవాటి కర్ర ఒకటి ఎప్పుడూ ఉండేది. కప్పుల వాలు కొలిచే కర్ర అది. ఆయన తాత చేతుల్లోంచి తండ్రి చేతుల్లోకి, అక్కడి నుంచి ఆయన చేతుల్లోకి వచ్చి, పట్టుకునే చోట నున్నగా అరిగి గాజులా మెరిసేది.

ఆ ఊరు ఒక కొండ ఒడిలో ఉంది. ఇళ్లు మెట్లు మెట్లుగా ఉంటాయి. ఒకరి చూరు ఎక్కడ ఆగుతుందో అక్కడ ఇంకొకరి గోడ మొదలవుతుంది. అందుకని ఆ ఊళ్లో ఒక కట్టడి ఉంది. గోడలు లేచాక ఎవరూ వెంటనే కప్పు వేయరు. మొదటి వానకు ఇంటిని తెరిచి ఉంచుతారు. ఇంటివాడు ఒక్కడే లోపల కూర్చుని, తడుస్తూ, నేల మీద నీళ్లు ఎటు నడుస్తాయో చూస్తాడు. నీళ్లు ఎటు నడిస్తే కప్పు అటే వాలాలి. దాన్ని వాళ్లు వాన మాట అంటారు.

వాన మాట విన్నవాడే చెప్పాలి. పక్కన ఇంకొకరు ఉండకూడదు. వాడు చెప్పింది నిజమా అని అడగకూడదు. ఊరు పుట్టిన దగ్గర్నుంచి ఎవరూ అడగలేదు కూడా.

బంగారయ్యకు ఇరవై రెండేళ్లు. ఇల్లు కట్టుకోవడం అతనికి అదే మొదలు. వాన ఇంకా రాలేదు కానీ, అది ఏమనబోతోందో అతనికి ముందే తెలుసు. చిన్నప్పుడు ఆ నేల మీదే గోళీలాడాడు. ఎటు విసిరినా గోళీ చివరికి ఉత్తరం వైపు దొర్లి, బండల మధ్య వాగులో పడేది. వాన కూడా ఆ గోళీ దారినే పోతుంది. అందులో అనుమానం లేదు.

కానీ అతనికి ఉత్తరం వద్దు. పడమర కావాలి.

పడమర పక్కన కొంచెం దిగువగా కుండల అవ్వ పాక ఉంది. పాక దాటితే బాట. ఆ బాటలో రోజూ పొద్దున్నే పూలపిల్ల నెత్తిన గంపతో నడిచి వెళుతుంది. కప్పు ఉత్తరానికి వాలితే బాట మీది వాళ్లకు కనిపించేది మొండి గోడే. పడమరకు వాలితే మాత్రం అవ్వ పాక మీదుగా కప్పంతా కనిపిస్తుంది, ఎండలో ఆరబోసిన కుంకుమలాగా. ఆ పిల్ల ఒక్క క్షణం ఆగి ఇది ఎవరి ఇల్లో అనుకుంటుంది. ఆ ఒక్క క్షణం కోసమే బంగారయ్య ఇల్లు కట్టాడంటే అబద్ధం కాదు.

*

మర్నాడు మేస్త్రి ఒక గోనెసంచి మోసుకొచ్చి, గోడ నీడలో కూర్చుని, అందులోవి ఒక్కొక్కటే తీసి నేల మీద పెట్టాడు. ఒక గుప్పెడు రెల్లుగడ్డి. మడతపెట్టిన తాటాకు. ఒక గూనపెంకు. ఒక రేకుముక్క. చివర్న, పాతగుడ్డలో చుట్టిన ఎర్రటి బెంగుళూరు పెంకు.

"వాన వచ్చేలోగా ఇదైనా తేల్చుకో. ఇల్లు నీది, నెత్తి నీది."

"మీరేమంటారు మేస్త్రీ?"

మేస్త్రి రెల్లుగడ్డిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఇది మంచి మనసున్న కప్పు. వేసవిలో చల్లగా, చలికాలంలో వెచ్చగా ఉంటుంది. కానీ రెండేళ్లకోసారి కొత్త గడ్డి అడుగుతుంది. ఊరికే ఉండనివ్వదు. తాటాకు కూడా అంతే, కాస్త మొండిది." రేకు మీద వేలితో కొట్టాడు. అది టంగుమంది. "ఇది వాగుడుకాయ. నాలుగు చినుకులు పడితే నలభై ఇళ్లకు చెబుతుంది. ఏదీ దాచుకోలేదు. గూనపెంకు ముసలివాళ్లలాంటిది. కోతి నడిచినా జరుగుతుంది, పిల్లి నడిచినా జరుగుతుంది, ఏటా సర్దుకోవాలి."

"మరి ఇది?" బంగారయ్య ఎర్రపెంకును రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. అది నున్నగా, బరువుగా, చల్లగా ఉంది.

"అందగత్తె. ఒకదానికొకటి గాడిలో పడి బిగుసుకుంటాయి. వాన పడినా లోపల చప్పుడుండదు. లోపలున్నవాడికి బయట ఏం జరుగుతోందో తెలియదు. నీళ్లు మాత్రం ఒక్క చుక్క తాగదు. పడ్డదంతా పడ్డట్టు చూరు దగ్గర దించేస్తుంది. గడ్డి సగం తాగుతుంది, గూనపెంకు కాస్త తాగుతుంది, ఇది తాగదు. అందుకే దీనికి వాలు తప్పకూడదు."

"నాకిదే కావాలి."

"అనుకున్నాలే. గుడ్డలో చుట్టి తెచ్చినప్పుడే నీ కళ్లు గుడ్డ మీద ఉన్నాయి," అని మేస్త్రి లేచాడు. "నేను ఆరు రోజుల్లో లోయలోకి పోతున్నాను. అక్కడ పని పట్టానంటే పంట కోతల దాకా రాను. ఈ లోపల వాన మాట తెలిస్తే కప్పు వేశాకే పోతాను. లేకపోతే నువ్వూ నీ గోడలూ ఆకాశాన్ని చూస్తూ ఉండండి."

*

నాలుగు రోజులు ఆకాశం ఖాళీగా ఉంది. అయిదో రోజు మధ్యాహ్నం బంగారయ్య కుండల అవ్వ వాకిట్లోకి వెళ్లాడు. వాకిలంతా పచ్చికుండలు. అప్పుడే సారె మీద నుంచి దిగి, ఎండకు వరసగా కూర్చుని ఉన్నాయి. అవ్వ కుండలు కాల్చే ఆవం దగ్గర బూడిద ఎత్తుతోంది.

"అవ్వా, అయిదు కుండలు కావాలి. కాల్చినవి. రేపు తిరిగిచ్చేస్తాను."

"ఎందుకు నాయనా?" అని అవ్వ అడగలేదు. ఆమె ఎవరినీ ఎందుకని అడగదు. లోపలికి చెయ్యి చూపించింది. "మూల ఉన్నవి తీసుకో. మూతి దగ్గర చూసి పట్టుకో, ఒకటి బీటలిచ్చింది."

అతను వాగు దగ్గర కుండలు నింపి, వెనక దారిన ఒక్కొక్కటే పైకి మోశాడు. నాలుగు గోడల మధ్య నిలబడి కుమ్మరించాడు. మొదటి కుండ నీళ్లు నేల మీద కాసేపు ఆలోచించినట్టు ఆగి, ఉత్తరానికి నడిచాయి. రెండోదీ అంతే. అప్పుడతను మడమ నేలకు ఆనించి, గట్టిగా ఒత్తుకుంటూ, పడమటి గోడ దాకా ఒక గీత లాగాడు. మూడో కుండ నీళ్లు ఆ గీతలోకి దిగాయి. నాలుగోవీ అయిదోవీ ఏ మాటా లేకుండా దాని వెంట నడిచాయి.

నెత్తి మీద కాసిని నీళ్లు చల్లుకున్నాడు. చొక్కా తడుపుకున్నాడు. తర్వాత మేస్త్రి ఇంటికి పరిగెత్తాడు.

మేస్త్రి వచ్చి తడినేల చూశాడు, పడమరకు నీళ్లు పారిన గీత చూశాడు, బంగారయ్య జుట్టు చూశాడు. ఆకాశం వైపు ఒకసారి తలెత్తాడు. "మా వీధిలో చినుకు లేదురా."

"ఇక్కడే పడింది మేస్త్రీ. ఇలా వచ్చి అలా పోయింది."

"పడుతుంది, పడుతుంది. ఒక్కోసారి ఎద్దుకు ఒక కొమ్ము తడిసి ఇంకోటి తడవదు." ఆయన వాలుకర్ర దించి, కట్టడి ప్రకారం అడగాల్సిన మాట అడిగాడు. "బంగారయ్యా, వాన ఏమంది?"

"పడమర అంది."

గొంతు వణకలేదు. అదే అతన్ని తర్వాత చాలా రోజులు భయపెట్టింది.

మేస్త్రి కిందనున్న అవ్వ పాక వైపు చూసి, కాసేపు గడ్డం గోక్కున్నాడు. "నేనైతే ఉత్తరం అనుకున్నాను. సరే, నా కంటికంటే వానకు ఎక్కువ తెలుసు," అని కర్రను పడమరకు తిప్పాడు.

*

ఎర్రకప్పు లేచింది. ఊరంతా వచ్చి చూసింది. దూలాల మీద వాసాలు, వాసాల మీద పెంకులు, తప్పటడుగు లేకుండా పడమరకు దిగాయి. మేస్త్రి పని ముగించి లోయలోకి వెళ్లిపోయాడు.

రెండో రోజు పొద్దున్న బంగారయ్య తల దువ్వుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పూలపిల్ల బాటలో వచ్చింది. వెళ్లిపోయింది. మూడో రోజూ అంతే. పదో రోజు ఇక ఉండబట్టలేక కిందికి దిగి దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆ పైన కప్పు చూశావా?"

"ఏ కప్పు?"

"అదిగో, ఎర్రగా. నాదే."

ఆ పిల్ల గంపను ఒక చేత్తో పట్టుకుని నవ్వింది. "ఎలా చూడను? నెత్తిన గంప ఉంటే తలెత్తుతామా? నాకు తెలిసిందల్లా ఈ బాటలో రాళ్లే. ఎక్కడ ఏ రాయి కదులుతుందో చెప్పమంటే చెబుతాను. కప్పుల సంగతి నాకెందుకు?" రెండడుగులు వేసి ఆగింది. "కుండల అవ్వ ఇంటి వెనక గోడ మాత్రం చూశాను. రాత్రి పడిన చిన్న జల్లుకే కింది నుంచి తడి పాకుతోంది. ఆమెకు చెప్పండి."

అతను అవ్వకు చెప్పలేదు.

తర్వాత అసలు వానలు వచ్చాయి. మూడు రోజులు వదలకుండా కురిశాయి. ఎర్రకప్పు కింద బంగారయ్యకు ఏ చప్పుడూ వినిపించలేదు, మేస్త్రి చెప్పినట్టే. మూడో రోజు మధ్యాహ్నం మాత్రం ఒక చప్పుడు వినిపించింది. పెద్దదేం కాదు. ఎవరో అలసిపోయి కూలబడినట్టు.

బయటికి వచ్చి చూశాడు. చూరు నుంచి నీళ్లు దడిలాగా దిగుతున్నాయి. వాటి కింద అవ్వ వెనక గోడ లేదు. గోడ వెనక, ఆవానికి సిద్ధంగా పేర్చిపెట్టిన పచ్చికుండలు, నాలుగు నెలల పని, వానలో ఒక్కొక్కటే మూతి విప్పి, మెడ వంచి, మళ్లీ బంకమట్టి అవుతున్నాయి. అవ్వ ఆ బురద మధ్య నిలబడి, ఇంకా కుండ ఆకారంలో ఉన్న ఒకదాన్ని రెండు చేతుల్తో కప్పి పట్టుకుంది. అది కూడా ఆమె వేళ్ల సందుల్లోంచి జారిపోయింది.

అతన్ని చూసి అవ్వ అంది, "నా గోడ నీ చూరుకు అడ్డమొచ్చింది నాయనా. ఏమీ అనుకోకు."

*

బంగారయ్య అవ్వను తన ఇంట్లోకి తీసుకొచ్చాడు. ఊరు అతన్ని మెచ్చుకుంది. "కన్నకొడుకైనా అలా చూడడు," అని ఆడవాళ్లు అన్నారు. "పేరు పెట్టినవాడెవడో తెలిసి పెట్టాడు, బంగారమే," అని ఊరిపెద్ద నలుగురిలో అతని వీపు తట్టాడు. ఆ చెయ్యి తగిలిన చోట రాత్రంతా మండినట్టుండేది. అతను బాటలో నడిచేటప్పుడు తలొంచుకుని నడవసాగాడు. నెత్తిన గంప లేకపోయినా అతనికిప్పుడు రాళ్లే కనిపించేవి.

ఇంట్లో ఇంకొకటి మొదలైంది. నేల అలికి ఆరగానే, అతని మడమ గీత మళ్లీ పైకి వచ్చేది. సన్నటి బీటలాగా, గది మధ్య నుంచి పడమటి గోడ దాకా. మట్టి మెత్తి, పేడతో అలికి, దాని మీద చాప పరిచాడు. చాప కింద కూడా అది ఉందని అతనికి తెలుస్తూనే ఉండేది.

ఈలోగా కబురు అంది మేస్త్రి లోయలోంచి వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడకుండా కప్పెక్కి ఒకసారి కొలిచాడు. దిగి మళ్లీ ఎక్కి కొలిచాడు. మూడోసారి దిగి చూరు కింద చతికిలబడ్డాడు.

"వాన తప్పు చెప్పదు," అన్నాడు ఊరిపెద్దతో. "చెప్పింది పిల్లాడు సరిగ్గానే చెప్పాడు, గీత నా కళ్లతో చూశాను. తప్పిందంటే నా కర్రే తప్పి ఉండాలి. కర్ర తప్పదు, కాబట్టి నా కన్నే. ముసలిదైంది."

ఆ ఊళ్లో దానికీ ఒక కట్టడి ఉంది. వాలు తప్పి ఒకరి గోడ కూల్చిన మేస్త్రి తన కర్రను ఆవంలో వేయాలి. కర్ర లేని మేస్త్రిని ఎవరూ కప్పుకు పిలవరు. ఆయన కొడుకును కూడా.

"తొందరేముంది మేస్త్రీ," అన్నాడు బంగారయ్య.

"నువ్వు బాధపడకురా. నీదేముంది ఇందులో? ఎర్రకప్పు కావాలన్నావు, వేశాను. అంతే," అని మేస్త్రి అతని భుజం మీద చెయ్యి వేసి, ఆ చేతి ఆసరాతో లేచాడు.

*

ఆవం ముట్టించే రోజు పొద్దున్నే అవ్వ బంగారయ్య ఇల్లు అలకడానికి కూర్చుంది. వద్దన్నా వినలేదు. "ఒకరి నీడలో ఊరికే కూర్చుంటే నాకు అన్నం దిగదు," అంది. చాప చుట్టి మూలన పెట్టింది. గుండ్రంగా చెయ్యి తిప్పుతూ అలుకుతూ వచ్చి, గది మధ్యలో ఆగింది. వేళ్లు గీత మీద నిలబడ్డాయి.

డెబ్బై ఏళ్లుగా మట్టిని పట్టుకున్న చెయ్యి అది. గీత వెంట చివరి దాకా పాకింది, మళ్లీ వెనక్కి వచ్చింది.

"నీళ్లు ఇంత తిన్నగా నడవవు నాయనా," అంది అవ్వ. "వంకర పోతాయి. ఎక్కడో ఒకచోట ఆగుతాయి."

బంగారయ్య గోడకు ఆనుకున్నాడు.

"నీకు తెలుసా అవ్వా?"

"ఆ రోజు నా పచ్చికుండలు వాకిట్లోనే ఎండుతున్నాయి. సాయంత్రం లోపల పెడుతూ ఒక్కొక్కదాన్నీ చూశాను. ఒక్కదాని మీద చినుకు మచ్చ లేదు. నువ్వు తిరిగి తెచ్చిన అయిదూ మాత్రం లోపలంతా తడిగా ఉన్నాయి."

"మరి ఎందుకు చెప్పలేదు? ఊరంతా అడిగింది కదా, నీ గోడ ఎందుకు కూలిందని."

అవ్వ పేడనీళ్లలో చెయ్యి ముంచింది. "వాన మాట విన్నవాడే చెప్పాలి కదా. అది కట్టడి. పక్కవాళ్లు చెప్పకూడదు." గీత మీద అలికింది. తడిగా ఉన్నంతసేపు అది కనబడలేదు. "నేను నీ కప్పు కింద ఇరవై రోజులున్నాను. మంచి కప్పు. ఏ చప్పుడూ రాదు. నాకైతే నిద్ర పట్టలేదు. నీకెలా పడుతోందో అనుకునేదాన్ని. తర్వాత తెలిసింది, నీకూ పట్టడం లేదని."

ఆమె చేతులు కడుక్కుని, చేతికర్ర ఊతతో ఆవం దగ్గరికి దిగిపోయింది. బంగారయ్య ఒక్కడే ఇంట్లో నిలబడ్డాడు. నేల ఆరుతోంది. అంచుల నుంచి మొదలై, తడి నల్లదనం మెల్లగా మధ్యకు తగ్గుతోంది. గీత ఉన్న చోట ముందుగా తెల్లబడటం చూశాడు. ఇక చూడలేక బయటికి వచ్చాడు.

ఆవం చుట్టూ ఊరు నిలబడి ఉంది. లోపల నిప్పు అందుకుని ఎర్రగా ఉంది, కప్పు రంగులో. పూలపిల్ల కూడా ఉంది. గంప కింద పెట్టి, మొదటిసారి తలెత్తి నిలబడి ఉంది. ఆమె కళ్లు అవ్వ కూలిన గోడ మీదుగా పైకి వెళ్లి, ఎర్రటి కప్పు మీద ఆగాయి. ఏ క్షణం కోసం బంగారయ్య ఇల్లు కట్టాడో ఆ క్షణం వచ్చింది. ఆ కప్పును ఎక్కడైనా దాచేయగలిగితే బాగుండుననిపించింది అతనికి.

మేస్త్రి కర్రను భుజం మీద నుంచి దించాడు. చేయి పెట్టే చోట బొటనవేలితో ఒకసారి నిమిరాడు. ఊరిపెద్ద గొంతు సవరించుకున్నాడు.

"కట్టడి ప్రకారం ఒక్కసారి అడగాలి. అడుగు మేస్త్రీ."

ఇది అలవాటుగా జరిగే తంతు. అందరికీ జవాబు తెలుసు. మేస్త్రి ఆవం వైపే చూస్తూ, ఇంటివాడి పేరు పిలిచాడు.

"బంగారయ్యా. ఆ రోజు వాన ఏమంది?"

బంగారయ్య అవ్వ వైపు చూశాడు. ఆమె నిప్పు చూసుకుంటోంది. అతను గుంపులోంచి ముందుకు వచ్చాడు. కర్రకూ ఆవానికీ మధ్య నిలబడ్డాడు. వేడి అతని వీపును తాకింది. ఈసారి గొంతు వణికింది. అలా వణకడం అతనికి మంచిదనిపించింది.

"వాన ఏమీ అనలేదు మేస్త్రీ," అన్నాడు. "ఆ రోజు వాన రాలేదు. అవ్వ దగ్గర అయిదు కుండలు తీసుకుని నీళ్లు నేను పోశాను. అవి ఉత్తరానికి పోతుంటే నా మడమతో గీత గీసి పడమరకు తిప్పాను. పడమర అన్నది వాన కాదు. నేను."